జీటీని తిట్టినవాళ్లమే ఇప్పుడు మెచ్చుకుంటున్నాం: సీక్వెల్స్ మీద మన మాట ఎందుకు మారుతోంది?

కపిలతీర్థం_కుర్రోడు (తిరుపతి) · శనివారం, రాత్రి 10:40

వారం రోజులుగా మనసులో తిరుగుతున్న విషయం ఇక్కడ పెడుతున్నా. సెలవులకి మా అక్క కొడుకు ఇంటికొచ్చాడు. పదకొండేళ్లు. ఈ ఎండకి మధ్యాహ్నం బయటికి పంపలేక వాడితో కలిసి డ్రాగన్ బాల్ జీటీ అనే జపాన్ కార్టూన్ సిరీస్ మొదలుపెట్టాను. దీనికి ముందు వచ్చిన జెడ్ పెడదామనుకున్నా గానీ అది వాడు ఎప్పుడో చూసేశాడు. "తర్వాతది పెట్టు మామా" అన్నాడు.

నేను జీటీ మొదటిసారి చూసింది డిగ్రీ రోజుల్లో. లీలామహల్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో సీడీలు రాసిచ్చేవాళ్లు. ఒక్కో సీడీకి ఐదారు ఎపిసోడ్లు పట్టేవి. తెల్ల కవర్ మీద స్కెచ్ పెన్‌తో "జీటీ 9-14" అని రాసి ఇచ్చేవాళ్లు. ఆ సీడీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. 12వ ఎపిసోడ్‌లో ఒకచోట బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. అయినా చూసేవాణ్ని, చూసి తిట్టేవాణ్ని. హీరో గోకూని మళ్లీ చిన్నపిల్లాడిని చేసేశారని, వాడి పోటీదారు వెజిటాకి పనే లేకుండా చేశారని, మీసం పెట్టారని, అన్నిటికీ కోపమే. టీ బంకు దగ్గర మా నలుగురిలో జీటీ గురించి మంచి మాట అన్నవాడు ఒక్కడూ లేడు.

ఇప్పుడు 30వ ఎపిసోడ్ దాటాం. నిన్న వాడు నా వైపు తిరిగి, "బాగాలేదన్నావు కదా మామా, బాగానే ఉంది కదా" అన్నాడు. అప్పుడు గమనించాను, నేనూ నవ్వుతూనే చూస్తున్నాను. సిరీస్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా మారలేదు. మరి మారిందేమిటి? మీలో ఎవరికైనా ఇట్లా జరిగిందా?

రేణిగుంట_జంక్షన్ · శనివారం, రాత్రి 11:05

జరిగింది అన్నా, అదీ జీటీతోనే. అప్పట్లో మన కోపానికి ఒక కారణం, అది డ్రాగన్ బాల్ సృష్టికర్త తోరియామా గారి కథ కాదని తెలియడం. జెడ్ 1996లో అయిపోగానే తోయే స్టూడియో వాళ్లు అదే ఏడాది జీటీ మొదలుపెట్టారు, 1997లో 64 ఎపిసోడ్లకి ఆపేశారు. ఆయన ముఖ్య పాత్రల డిజైన్లు, లోగో ఇచ్చారు గానీ కథ రాయలేదు. తర్వాత ఆయనే దాన్ని అసలు కథకి పక్క కథ అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని మేము "అది లెక్కలోకి రాదు" అని కొట్టిపారేసేవాళ్లం.

మరి 2024 అక్టోబర్‌లో డ్రాగన్ బాల్ కొత్త సిరీస్ డైమా వచ్చింది. కథ తోరియామా గారిదే. ఆయన అదే ఏడాది మార్చిలో పోయారు, కళ్లారా చూసుకోలేకపోయారు. అందులో గోకూ మళ్లీ చిన్నపిల్లాడే! చివర్లో జీటీలోని సూపర్ సాయన్ 4 అనే శక్తి రూపం కూడా వచ్చింది, జుట్టు రంగు మారింది గానీ రూపం అదే. జీటీలో దేన్ని తిట్టామో దాన్నే డైమాలో చప్పట్లు కొట్టి చూశాం. ఆ రాత్రి నాకు జీటీకి బాకీ పడినట్టు అనిపించింది.

తోతాపురి (చిత్తూరు) · శనివారం, రాత్రి 11:48

నేను ఒప్పుకోను. నచ్చడం వేరు, బాగుండటం వేరు. జీటీ మొదటి పదిహేను ఎపిసోడ్లు గ్రహం నుంచి గ్రహానికి తిరగడమే సరిపోతుంది. గోకూ కొడుకు గోహాన్‌కి అప్పుడూ పని లేదు, ఇప్పుడు చూసినా లేదు. మీకు నచ్చుతున్నది జీటీ కాదు, ఆ సీడీ కవర్ మీద స్కెచ్ పెన్ రాత.

పైగా ఇంకోటి జరుగుతోంది. కొత్తగా వచ్చినది నిరాశపరిస్తే పాతది దానంతటదే మంచిదైపోతుంది. డ్రాగన్ బాల్ సూపర్ 2015లో మొదలైనప్పుడు 5వ ఎపిసోడ్ గుర్తుందా? గోకూ, బీరస్ కొట్లాటలో ముఖాలు వంకర్లు పోయాయి. ఆ బొమ్మలు నెట్ అంతా తిరిగాయి. డిస్కుల్లో తర్వాత సరిచేశారనుకోండి. ఆ వారంలోనే "దీనికన్నా జీటీ నయం" అన్నవాళ్లని నేను చూశాను. వన్ పంచ్ మ్యాన్ సిరీస్‌దీ అదే కథ. 2019లో రెండో సీజన్ మ్యాడ్‌హౌస్ స్టూడియో చేతి నుంచి జేసీ స్టాఫ్‌కి వెళ్లినప్పుడు ఎంత గోల చేశాం! 2025లో మూడోది వచ్చాక అదే జనం "రెండోది అంత చెడ్డదేమీ కాదు" అంటున్నారు. అంటే రెండోది మెరుగైందా? కాదు, కొలబద్ద కిందికి దిగింది.

సువర్ణముఖి (శ్రీకాళహస్తి) · ఆదివారం, ఉదయం 7:20

తోతాపురి తమ్ముడూ, నువ్వు చెప్పింది సగం నిజం. డిజిమాన్ 02తో నా సొంత అనుభవం చెప్తా.

మొదటి డిజిమాన్ అడ్వెంచర్ 1999లో వచ్చింది, 54 ఎపిసోడ్లు. మరుసటి ఏడే దాని సీక్వెల్ 02. కొత్త పిల్లలు ముందుకొచ్చి పాత పిల్లలు పక్కకి జరిగారని నాకు ఒళ్లు మండిపోయేది. చివరి ఎపిసోడ్‌లో పాతికేళ్లు ముందుకి దూకి అందరి పెళ్లిళ్లు, పిల్లలు, ఉద్యోగాలు చూపించేశారు కదా, అది చూసి టీవీ ఆపేశాను. పాత పిల్లల్లో ఒకడైన యమాటో వ్యోమగామి కావడమేమిటని!

2015లో డిజిమాన్ ట్రై సినిమాలు మొదలయ్యాయి. ఆరు సినిమాలు, మూడేళ్లు. వాటిలో 02 పిల్లలని దాదాపు తుడిచిపెట్టేశారు. నేను మామూలుగా అయితే సంతోషించాలి, అడిగింది అదే కాబట్టి. కానీ మొదటి సినిమా మొదట్లో 02లోని ఆ కొత్త పిల్లలు నలుగురూ కూలిపోయే దృశ్యం ఉంది చూడండి, అక్కడ నాకు గొంతు పట్టేసింది. వాళ్ల నాయకుడు డైసుకే ఏమయ్యాడని ఆరు సినిమాలూ అదే టెన్షన్. వాడు నాకు ఇష్టమని నాకే అప్పుడు తెలిసింది. 2020లో కిజునా సినిమాలో ఆ పిల్లలు మళ్లీ కనిపించారు. ఇది కొలబద్ద దిగడం కాదు తమ్ముడూ. లేకుండా పోయాక దాని చోటు ఎంతో తెలియడం.

తోతాపురి · ఆదివారం, ఉదయం 7:41

సరే అక్కా, డైసుకే విషయం ఒప్పుకుంటా. ఆ చివరి ఎపిసోడ్‌ని మాత్రం ఒప్పుకోను.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్ (పుత్తూరు, ప్రస్తుతం హైదరాబాద్) · ఆదివారం, మధ్యాహ్నం 1:15

నేను 2డీ యానిమేషన్‌లో పని చేస్తాను. కాబట్టి బొమ్మ వైపు నుంచి ఒక మాట.

నరుటో సీక్వెల్ షిప్పుడెన్ 167వ ఎపిసోడ్, 2010. హీరో నరుటో, విలన్ పెయిన్ కొట్లాట. అప్పుడు నేను ఇంటర్. వారమంతా ఎదురుచూసి చూస్తే ముఖాలు సాగిపోయి, మైనం కరిగినట్టు ఉన్నాయి. పెయిన్ మూతి ఒకచోట చెవి దాకా పోతుంది. ఆ బొమ్మని ఆపి ఫోటో తీసి ఫ్రెండ్స్ అందరికీ పంపించినవాళ్లలో నేనూ ఉన్నాను. బడ్జెట్ లేక ఇట్లా చేశారని గట్టిగా వాదించాను.

ఆరేళ్ల తర్వాత ఈ పనిలోకి వచ్చాను. ట్రైనింగ్‌లో మా సీనియర్ అదే ఎపిసోడ్ పెట్టి, ఒక్కో ఫ్రేమ్ నొక్కుతూ చూపించారు. సెకనుకి 24 ఫ్రేములు. మామూలు టీవీ యానిమేషన్‌లో ఒక బొమ్మని రెండు మూడు ఫ్రేములు నిలబెడతారు. చేయి ఇక్కడి నుంచి అక్కడికి ఒక్క దెబ్బలో పోయిందని కంటికి అనిపించాలంటే మధ్య బొమ్మని సాగదీయాలి, వంచాలి. ఆ మధ్య బొమ్మ విడిగా చూస్తే వికారంగానే ఉంటుంది. అది ఆపి చూడటానికి గీసింది కాదు. ఆ ఎపిసోడ్ వాకబయాషి అనే దర్శకుడిది. చేతకాక చేసింది కాదు, కావాలని చేసింది. మా సీనియర్ మామూలు వేగంలో మళ్లీ పెట్టారు. కుర్రాళ్లందరం నోళ్లు తెరుచుకుని చూశాం. నేను పదహారేళ్లప్పుడు నవ్విన ఆ మూతి ఫ్రేము తెర మీద కన్ను మూసి తెరిచేలోపే దాటిపోయింది.

ఇప్పటికీ అది నచ్చనివాళ్లు ఉన్నారు, వాళ్లకి ఆ హక్కుంది. పాత్ర ముఖం చెదరకూడదని కోరుకోవడం తప్పేమీ కాదు. కానీ "బడ్జెట్ లేదు" అన్న మాట మాత్రం తప్పు. ఆ తప్పు మాట నేను నలుగురికి పంచాను, అందుకే ఇక్కడ ఇంత వివరంగా రాస్తున్నాను.

కపిలతీర్థం_కుర్రోడు · ఆదివారం, మధ్యాహ్నం 1:50

తమ్ముడూ, ఇది చదివి ఆ ఎపిసోడ్ మళ్లీ పెట్టాను. మా వాడు రెండుసార్లు వెనక్కి తిప్పించాడు.

బడిగంట (చిత్తూరు) · ఆదివారం, సాయంత్రం 6:30

షిప్పుడెన్ మాట వచ్చింది కాబట్టి బొరుటో గురించి చెప్పనివ్వండి. నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని, రోజూ పిల్లల మధ్యే ఉంటాను.

బొరుటోని మన వయసువాళ్లు ఎందుకు తిట్టారో నాకు తెలుసు, నేనూ తిట్టాను. నరుటో 2002లో మొదలై 220 ఎపిసోడ్లు, షిప్పుడెన్ ఇంకో 500. పదిహేనేళ్లు మనం ఒక అనాథ పిల్లవాడితో నడిచాం. ఊరంతా వెలేసిన పిల్లవాడు ఊరి పెద్ద, అంటే హోకాగే అయ్యాడు. 2017లో వాడి కొడుకు కథగా బొరుటో మొదలైతే అదే నరుటో ఇంటికి వెళ్లడానికి తీరిక లేని తండ్రి. కూతురు పుట్టినరోజుకి నీడ రూపాన్ని పంపిస్తాడు, అది మధ్యలో మాయమై కేకు కింద పడుతుంది. ఆ కేకు పడటం నేను చాలా రోజులు మర్చిపోలేకపోయాను. నా నరుటో ఇట్లా చేయడు అని ఏడ్చాను.

2022లో సోనీ యాయ్‌లో నరుటో తెలుగులో రావడం మొదలయ్యాక మా ఆరో తరగతి పిల్లలు దాంట్లో మునిగిపోయారు. ఆ తర్వాత ఒక్కొక్కరు బొరుటో దాకా వెళ్లారు. వాళ్లకి మనకున్న పదిహేనేళ్ల బరువు లేదు. ఒక అబ్బాయి నాతో అన్న మాట: "మా నాన్న కూడా అంతే మేడం, లారీ మీద పోతే పదిరోజులకి వస్తాడు." వాడికి ఆ కేకు సీన్‌లో నరుటో మీద కోపం రాలేదు, ఆశ్చర్యం అంతకన్నా లేదు. బొరుటో ఎందుకు మూతి ముడుచుకుని కూర్చున్నాడో మాత్రం సరిగ్గా అర్థమైంది. నేను నరుటో పక్కన నిలబడి చూశాను, వాడు బొరుటో పక్కన నిలబడి చూశాడు. సిరీస్ పేరే బొరుటో కదా, నిలబడాల్సిన చోట నిలబడింది వాడే.

ఆ పిల్లవాడి మాట విన్నాక మళ్లీ మొదలుపెట్టాను. మొత్తం 293 ఎపిసోడ్లు చూడమని ఎవరికీ చెప్పను, మధ్యలో సాగదీత చాలా ఉంది. కానీ 65వ ఎపిసోడ్, విలన్ మొమోషికితో కొట్లాట చూడండి. 2021లో వచ్చిన కురమా వీడ్కోలు ఎపిసోడ్లు చూడండి. నరుటో కడుపులో ఉన్న తోడు పోయాక వాడు లేచి కూర్చునే సీన్ ఈసారి నన్ను మళ్లీ ఏడిపించింది, వేరే కారణానికి.

రేణిగుంట_జంక్షన్ · ఆదివారం, సాయంత్రం 7:02

మేడం, బొరుటో మాంగా (జపాన్ బొమ్మల కథ) కూడా చదువుతున్నారా? 2023 ఆగస్టులో టూ బ్లూ వోర్టెక్స్ అని పేరు మార్చి, కథని మూడేళ్లు ముందుకి జరిపి మొదలుపెట్టారు. బొరుటో పేరెత్తితే లేచిపోయే మా ఫ్రెండ్స్ ఇప్పుడు నెలనెలా దాని కోసం కాచుకుని ఉంటున్నారు. వెనక్కి వెళ్లి పాతవి కూడా చదువుతున్నారు.

తోతాపురి · ఆదివారం, రాత్రి 9:15

మేడం రాసింది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఆ లారీ మాట నిజంగా తగిలింది, మా నాన్నదీ అదే పని.

అయినా నా వైపు వాదన పూర్తిగా వదలను. కాలం అన్నిటినీ మంచి చేసేస్తుందంటే ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్ రెండో సీజన్ సంగతేమిటి? 2021లో వచ్చింది, 11 ఎపిసోడ్లు. మాంగాలో ఉన్న గోల్డీ పాండ్ భాగం మొత్తం ఎగరగొట్టి, ఆఖర్న అంతా బొమ్మల వరుస చూపించి ముగించేశారు. ఎన్నేళ్లైనా దాన్ని మెచ్చుకునేవాళ్లు నాకు కనిపించలేదు. ఎన్నిసార్లు చూసినా అక్కడ లేనిది లేనట్టే ఉంటుంది. 167వ ఎపిసోడ్‌లో పని ఉంది, మనకి కనిపించలేదు. ఇందులో పనే లేదు.

రేటింగులు చూసి మోసపోవద్దని కూడా చెప్తా. ఏ సిరీస్‌కైనా మూడో సీజన్, నాలుగో సీజన్ మార్కులు మొదటిదానికన్నా ఎక్కువ ఉంటే అది గొప్పదైపోయిందని కాదు. నచ్చనివాళ్లు మొదట్లోనే దిగిపోయారు. బండిలో మిగిలినవాళ్లే ఓటు వేస్తున్నారు.

కపిలతీర్థం_కుర్రోడు · ఆదివారం, రాత్రి 9:40

రేటింగుల మాట చాలా బాగా చెప్పావు. నేను ఎప్పుడూ అట్లా ఆలోచించలేదు.

నీవా_ఒడ్డు (పూతలపట్టు దగ్గర) · సోమవారం, ఉదయం 5:50

రాత్రి భారతం చూసి ఇప్పుడే ఇంటికొచ్చాను, నిద్ర పట్టక ఇది మొత్తం చదివాను. మీరు మాట్లాడేదీ నేను చూసొచ్చిందీ ఒకటే అనిపించి రాస్తున్నా.

మా వైపు ద్రౌపదమ్మ గుడి దగ్గర ఎండాకాలంలో భారతం జరుగుతుందని చిత్తూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. పగలు హరికథ, రాత్రి నాటకం. చిన్నప్పుడు నాకు రెండే రోజులు ముఖ్యం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, ఆఖరి రోజు దుర్యోధనుడి వధ. మట్టితో అంత పెద్ద బొమ్మ పడుకోబెడతారు కదా, దాని మీద భీముడూ దుర్యోధనుడూ పరిగెత్తుతుంటే ఈలలు వేసేవాణ్ని. మిగతా రాత్రులు మా అవ్వ ఒడిలో నిద్రే. "ఈరోజు ఏం జరగలేదు" అని పొద్దున్నే విసుక్కునేవాణ్ని.

అక్కడ కూర్చున్న పెద్దవాళ్లలో తర్వాత ఏం జరుగుతుందో తెలియనివాళ్లు ఎవరు? ఒక్కరూ లేరు. అయినా తెల్లారేదాకా కూర్చుంటారు. ఈ ఏడు కర్ణుడు వేసినాయన పద్యం ఎట్లా తీశాడు, పోయినేడు ఆయన ఎట్లా తీశాడు, అదే వాళ్ల మాట. కథ తెలిసిపోయింది కాబట్టి కళ్లూ చెవులూ పని మీదికి పోతాయి.

మనం సీక్వెల్‌ని మొదటిసారి చూసేటప్పుడు ఏం చేస్తాం? మన మనసులో ఒక సీక్వెల్ ముందే రాసిపెట్టుకుని ఉంటాం. గోకూ పెద్దగానే ఉండాలి, నరుటో మంచి తండ్రి కావాలి, యమాటోకి ఈ ఉద్యోగం రావాలి. తెర మీద వచ్చేదాన్ని దానితో పోల్చి తప్పులు తీస్తాం. రెండోసారికి ఆ మనసులోది చచ్చిపోయి ఉంటుంది. అప్పుడే తెర మీద ఉన్నది కనబడుతుంది. ఉంటే కనబడుతుంది, తోతాపురి అన్నట్టు లేకపోతే లేదు.

నిన్న రాత్రి నేను మెలకువగా ఉన్నది కర్ణుడి కోసం. చిన్నప్పుడు అవ్వ ఒడిలో ఎన్నేళ్లు ఆ రాత్రిని నిద్రలో పోగొట్టుకున్నానో అనుకున్నా.

సువర్ణముఖి · సోమవారం, ఉదయం 8:10

చాలా బాగా రాశావు నాయనా. ముందు పడుకో.

శేషాచలం_దారి (తిరుపతి) · సోమవారం, మధ్యాహ్నం 3:25

ఎవరూ గండమ్ సిరీస్‌ల మాట ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతా. పైన నీవా అన్న చెప్పినదానికి నేను చూసినవాటిలో సీడ్ డెస్టినీని మించిన ఉదాహరణ లేదు.

గండమ్ సీడ్ 2002లో మొదలైంది, 50 ఎపిసోడ్లు. 2004లో సీక్వెల్ డెస్టినీ, మరో 50. కొత్త హీరో షిన్ ఆసుకా. యుద్ధంలో అమ్మానాన్నలనీ చెల్లెల్నీ పోగొట్టుకున్న పిల్లవాడు, చెల్లెలి ఫోను దగ్గర పెట్టుకుని తిరుగుతాడు. మొదటి ఎపిసోడ్ చూసి ఇది వీడి కథ అనుకున్నాం. సగానికి వచ్చేసరికి పాత హీరో కిరా కథని చేతిలోకి తీసేసుకున్నాడు, షిన్ చివరికి ఓడిపోయే పక్కన మిగిలాడు. మధ్యమధ్యలో పాత క్లిప్పులతో నింపిన ఎపిసోడ్లు ఎన్నో. చాలా ఏళ్లు ఫ్యాన్స్‌లో దీన్ని వెనకేసుకొచ్చినవాళ్లు తక్కువ.

2024 జనవరిలో జపాన్‌లో సీడ్ ఫ్రీడమ్ సినిమా వచ్చింది. అదే దర్శకుడు ఫుకుదా. కథ రాసిన ఆయన భార్య మొరోసావా గారు 2016లోనే పోయారు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన సీక్వెల్ కదా, ఎవరు చూస్తారనుకున్నా. గండమ్ సినిమాల్లో అప్పటిదాకా ఏదీ చేయనంత వసూలు చేసింది. అందులో షిన్ ఎట్లా ఉన్నాడంటే, కిరా ఒక్క మంచి మాట అంటే ముఖం వెలిగిపోయే తమ్ముడిలా ఉన్నాడు. డెస్టినీలో వాడి అరుపులు విని చెవులు మూసుకున్నవాణ్ని, సినిమా చూశాక వెనక్కి వెళ్లి మొదటి ఎపిసోడ్ పెట్టాను. ఆ పిల్లవాడు అరుస్తున్నది ఎవరైనా ఒక్కరు తనవైపు తిరిగి చూడాలని. ఇది నాకు ముందు కనిపించలేదు. అప్పుడు నేను కిరా ఎప్పుడొస్తాడా అని చూస్తున్నాను.

డెస్టినీలో క్లిప్పుల ఎపిసోడ్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ దండగే. వాటిని దాటేయండి.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్ · సోమవారం, సాయంత్రం 5:00

అన్నా, వారం వారం చూడటం కూడా ఒక కారణం అనుకుంటా. క్లిప్పుల ఎపిసోడ్ వస్తే ఒక వారం పోయినట్టే. ఇప్పుడు చూసేవాడికి అది ఇరవై నిమిషాలు, బటన్ నొక్కితే అయిపోతుంది. అటాక్ ఆన్ టైటన్ 2020 డిసెంబర్‌లో విట్ స్టూడియో నుంచి మాపాకి మారినప్పుడు కంప్యూటర్ బొమ్మల టైటన్లని చూసి వారం వారం ఎంత కొట్లాట! ఇప్పుడు నాలుగు సీజన్లూ వరసగా చూసే పిల్లలు ఆ మార్పు దగ్గర రెండు ఎపిసోడ్లు అటూ ఇటూ చూసి అలవాటు పడిపోతున్నారు. ముగింపు సంగతీ అంతే. 2021 ఏప్రిల్‌లో మాంగా అయిపోయినప్పటి కోపం 2023 నవంబర్‌లో ఆఖరి ఎపిసోడ్ వచ్చేసరికి చాలావరకు తగ్గింది. అక్కడ కాలం ఒక్కటే కాదు, ఎరెన్, ఆర్మిన్ అనే ముఖ్య పాత్రల మాటలని మార్చి రాశారు కూడా.

తోతాపురి · సోమవారం, రాత్రి 8:30

శేషాచలం అన్నా, షిన్ గురించి మీరు రాసింది చదివి డెస్టినీ పెట్టాను. మూడు ఎపిసోడ్లు అయ్యాయి. ఇంకా ఏమీ చెప్పను. ఆ ఫోను సీన్ దగ్గర మాత్రం ఆగాను.

కపిలతీర్థం_కుర్రోడు · గురువారం, రాత్రి 11:20

జీటీ అయిపోయింది. 64వ ఎపిసోడ్ మేడ మీద చూశాం, కింద కరెంటు లేక ఫోన్‌లోనే. గోకూ షెన్‌రాన్ అనే డ్రాగన్ మీద కూర్చుని వెళ్లిపోవడం, వందేళ్ల తర్వాత ముసలమ్మ అయిన గోకూ మనవరాలు పాన్ పోటీలో మనవడి ఆట చూడటం, జనంలో ఒక్క క్షణం గోకూ కనబడటం. 2007లో ఈ ఎపిసోడ్ సీడీ నాకు చివరిదాకా ఆడింది. చూసి ఏమనుకున్నానో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. ఈసారి పాన్ జనంలోంచి తోసుకుంటూ పరిగెత్తినప్పుడు కళ్లు తుడుచుకున్నాను.

మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆమె తాతయ్య అని పిలిచింది కదా మామా, ఆయనకి వినబడిందా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. ఇంకా తేలలేదు.

బడిగంట · గురువారం, రాత్రి 11:34

వినబడిందనే నేను అనుకుంటాను. వాడు ఎప్పటిదాకా ఉంటాడు మీ ఇంట్లో? వెళ్లేలోపు డైమా పెట్టండి, 20 ఎపిసోడ్లే.

కపిలతీర్థం_కుర్రోడు · గురువారం, రాత్రి 11:36

పదో తేదీ దాకా ఉంటాడు మేడం. రేపు మధ్యాహ్నం మొదలుపెడతాం.